ముందుకెళ్లమనకండి మామయ్యా

డాలస్ నుంచి పెద్దత్త ఫోను చేసేసరికి ఇక్కడ విజయవాడలో పొద్దున ఏడున్నర. మృగశిర కార్తె వచ్చి వారమైనా వాన చుక్క లేదు. మా హాల్లో టీవీ బల్ల కింద చెప్పుల పెట్టెంత నల్లటి పరికరం ఒకటి ఉంటుంది. నాస్ అంటారు దాన్ని. నెట్‌కి తగిలించిన ఇంటి బీరువా అనుకోవచ్చు. నానమ్మ పాడిన మంగళహారతులు పాత క్యాసెట్ల నుంచి నాన్నే ఒక్కొక్కటీ దాంట్లోకి ఎక్కించాడు. తాతయ్య పొలం కాగితాల స్కాన్లు, నాలుగు తరాల ఫొటోలు కూడా అందులోనే. మా ఇంటిపేరుతో కొనుక్కున్న డొమైన్ మీద అవన్నీ ఎక్కడున్నవాళ్లకైనా తెరుచుకుంటాయి. ఆ రోజు పెద్దత్త ఫోనులో పాటల పేజీకి బదులు ఎర్ర హెచ్చరిక వచ్చింది.

నాన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యాడు. బావ, అంటే మా చిన్నత్త కొడుకు, హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తాడు. ముందురోజు రాత్రే మా ఇంటికొచ్చాడు. ఆ పొద్దున ఇద్దరికీ మొదలైన వాదం భోజనాల వేళ దాటినా ఆగలేదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఎవరివైపు మొగ్గానో కూడా దాచను.

నాన్న: ఏం లేదక్కయ్యా, ఎర్రగా ఉందని భయపడకు. కింద ‘అడ్వాన్స్‌డ్’ అని ఉంటుంది చూడు. అది నొక్కి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది నొక్కి ముందుకెళ్లు.

బావ: ముందుకెళ్లమనకండి మామయ్యా! పెద్దమ్మా, ఈ పూటకి చూడకు. సాయంత్రానికి సరిచేసి మేమే ఫోను చేస్తాం.

నాన్న: ఆవిణ్ణి ఎందుకురా బెదరగొడతావు? పెట్టె మనదే, డిస్కులు మనవే. నిన్న రాత్రి దాకా చెల్లిన సర్టిఫికెట్టుకి తెల్లారేసరికి గడువు తీరింది, అంతే కదా. ఎన్‌క్రిప్షన్ ఏమీ ఊడిపోలేదు. నిన్న ఏ తాళమో ఇవాళా అదే తాళం.

బావ: తాళం అదే, ఒప్పుకుంటాను. కానీ పెద్దమ్మకి కనిపించిన పేజీ ఉంది చూశారూ, మధ్యలో ఎవడో దూరి మన పెట్టెలా నటించినా దాదాపు అదే ఎరుపు వస్తుంది. తేడా అడుగున ఉండే చిన్న కోడులో మాత్రమే. గడువు తీరితే ‘డేట్ ఇన్‌వాలిడ్’, ఎవరో ఊరూపేరూ లేనివాడు ఇచ్చిన సర్టిఫికెట్టయితే ‘అథారిటీ ఇన్‌వాలిడ్’.

నాన్న: నేను కోడు అడిగే చెప్పాను. డేట్ ఇన్‌వాలిడ్ అంది.

బావ: ఇవాళ మీరు అడిగారు. రేపు ఆవిడ బ్యాంకు పేజీ తెరిచినప్పుడు అదే ఎరుపు వస్తే అడగడానికి మీరు పక్కన ఉండరు. ‘మా తమ్ముడు నొక్కమన్నాడు కదా’ అని అక్కడా నొక్కుతుంది. మనం ఇప్పుడు నేర్పేది పాటలు వినడం కాదు మామయ్యా, హెచ్చరికను దాటెయ్యడం.

నాన్న కాసేపు మాట్లాడలేదు. డెబ్బై దాటిన మనిషికి చేతి అలవాటుగా పడిపోయినదాన్ని మళ్లీ వదిలించడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు.

నాన్న: సరే, అయితే రెన్యూ చేద్దాం. నిజానికి పొద్దున లేచినప్పటి నుంచి ఆ బటన్ నొక్కుతూనే ఉన్నాను. అవడం లేదు.

బావ: ఎన్నిసార్లు నొక్కారు?

నాన్న: ఆరేడుసార్లు.

బావ: ఇంక నొక్కకండి. ఈ సర్టిఫికెట్టు ఉచితంగా ఇచ్చేది లెట్స్ ఎన్‌క్రిప్ట్. ఒకే పేరు మీద గంటలో ఐదుసార్లు తనిఖీ తప్పితే కాసేపు మన అభ్యర్థన తీసుకోదు. కారణం తెలియకుండా బటన్ నొక్కితే తెలిసేదేమీ ఉండదు, ఉన్న అవకాశాలు అయిపోతాయి. ఈలోగా మీ కనెక్షన్ చూద్దాం. ఇళ్లకిచ్చే ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండటం లేదు. ఒకే చిరునామా వెనక ఎన్నో ఇళ్లు. సీజీనాట్ అంటాం. రౌటర్‌లో వ్యాన్ ఐపీ 100.64తో మొదలుకొని 100.127 లోపల ఉంటే, బయటివాళ్లు మన తలుపు తట్టే దారే లేదన్నమాట.

నాన్న: అల్లుడూ, ఆగు. అక్కయ్యకి ఆ ఎర్ర పేజీ కనిపించిందంటే అర్థమేంటి? ఆవిడ ఫోను డాలస్ నుంచి మన పెట్టె దాకా వచ్చి, సర్టిఫికెట్టు తీసుకుని, అందులో తారీఖు చదివిన తరవాతే కదా వద్దంది? దారే లేకపోతే చదవడానికి ఏముంటుంది? ఎక్స్ఛేంజీలో లైను పోయిందని కంప్లయింటొస్తే ముందు లైన్లన్నీ కలిసే ఎండీఎఫ్ దగ్గర జంపర్ తీసి చూసేవాళ్లం, తప్పు లోపలి వైపా బయటి వైపా అని. అది తేలకుండా లైన్‌మన్‌ని స్తంభాలెక్కించేవాళ్లం కాదు.

బావ: నిజమే. పేజీ తెరుచుకునే 443 పోర్టు దాకా దారి బాగానే ఉంది. మరి రెన్యువల్‌కి కావాల్సింది 80. మనం ఎంచుకున్న పద్ధతిలో వాళ్లు మనకో గుర్తు ఇస్తారు. దాన్ని ఒక నిర్ణీత చిరునామాలో ఫైలుగా పెట్టాలి. వాళ్లొచ్చి 80 పోర్టులో ఆ ఫైలు అడుగుతారు. కనిపిస్తే పేరు మనదేనని నమ్మి సర్టిఫికెట్టు ఇస్తారు. వేరే పోర్టు పెడతామంటే కుదరదు.

నాన్న: మన పెట్టె 80కి వచ్చినవాళ్లని 443కి పంపించేస్తుంది. అక్కడ గడువు తీరిన సర్టిఫికెట్టు చూసి వాళ్లూ వెనక్కి వెళ్లిపోతారేమో?

బావ: వెళ్లరు. దారి మళ్లిస్తే వెంట వస్తారు, ఆ తనిఖీలో పాత సర్టిఫికెట్టు చెల్లుతుందా లేదా అని చూడరు. లేకపోతే గడువు తీరిన ఏ సైటూ మళ్లీ లేవలేదు కదా.

ఫోనులో వైఫై తీసేసి, మొబైల్ డేటా మీద 80 పోర్టుకి వెళ్లి చూశారు. తెరుచుకుంది. నాస్ గడియారం చూశారు, సరిగానే ఉంది. లోపలి బ్యాటరీ అయిపోయి గడియారం ఏళ్ల వెనక్కి పోయే పెట్టెలుంటాయిట. డొమైన్‌కి ఐపీవీ6 చిరునామా ఏదైనా పొరపాటున తగిలి ఉందేమోనని కూడా వెతికాడు బావ. ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ముందు దాన్నే తడుతుంది. లేదు. ఇక మిగిలింది నాస్ లోపలి లాగ్. నెల రోజుల నుంచీ రోజూ ఒకే వాక్యం: ‘డ్యూరింగ్ సెకండరీ వాలిడేషన్’, ఆ వెనకే ‘టైమౌట్’.

ఆ మాట చదివి బావ కుర్చీలో వెనక్కి వాలాడు.

బావ: మామయ్యా, తప్పు నాది. ఉగాదికి వచ్చినప్పుడు ఫైర్‌వాల్‌లో ఇండియా, అమెరికా తప్ప మిగతా దేశాలన్నీ మూసేసి వెళ్లాను. మన వాళ్లు ఈ రెండు చోట్లే ఉన్నారు కదా, దొంగలకి దారి తగ్గుతుంది కదా అనుకున్నాను.

నాన్న: లెట్స్ ఎన్‌క్రిప్ట్ అమెరికాదే కదా?

బావ: సంస్థ అమెరికాదే. తనిఖీ ఒక్క అమెరికా నుంచే జరగదు. 2020 ఫిబ్రవరి నుంచి ఒకే ఫైలుని వేర్వేరు నెట్‌వర్కుల నుంచి, వేర్వేరు చోట్ల నుంచి అడుగుతున్నారు. ఎవడైనా ఒకచోట ఇంటర్నెట్ దారులు మళ్లించి ‘ఈ పేరు నాదే’ అని వాళ్లని నమ్మించినా, అన్నిచోట్లా ఒకేసారి నమ్మించలేడు. అందుకే ఏ చిరునామాల నుంచి వస్తారో కూడా ముందుగా చెప్పరు. అమెరికా నుంచి వచ్చిన మొదటి తనిఖీ దాటాం. మిగతా చోట్ల నుంచి వచ్చినవాళ్లకి నేను పెట్టిన గోడ తగిలింది.

నాన్న: తప్పు చేశావని నేననను. గోడ కట్టావు, మంచిదే. కానీ నెల రోజులు రోజూ ఫెయిలవుతుంటే ఈ ఇంట్లో ఒక్కరికైనా చెప్పిందా ఆ పెట్టె? ఇదివరకు గడువు దగ్గరపడితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ దగ్గర్నుంచి మెయిలొచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు.

బావ: 2025 జూన్ 4తో ఆపేశారు. ఇప్పుడు దాదాపు అందరూ ఆటోమేటిక్‌గా రెన్యూ చేసుకుంటున్నారు, మెయిళ్ల అవసరం లేదని. లక్షల మెయిల్ చిరునామాలు దాచుకోవడం కూడా వాళ్లకి ఇష్టం లేదు.

నాన్న: చూశావా మరి! ఎక్స్ఛేంజీలో కూడా యంత్రమే అన్నీ చేసేది. రాత్రిళ్లు ఒక్కణ్ణే డ్యూటీలో ఉండేవాణ్ణి. కానీ ఎక్కడ ఫ్యూజు పోయినా ఆ వరసకి దీపం వెలిగేది, గంట మోగేది. గంట లేని యంత్రం మీద మనిషిని వదిలిపెట్టేవాళ్లం కాదు. నువ్వు ‘అదే చేసుకుంటుంది మామయ్యా’ అన్నావు. అది మానేస్తే మోగే గంట ఏదీ?

నేను నాన్నవైపు మొగ్గింది ఇక్కడే. బావ లాంటి పనిమంతులు మా ఇళ్లల్లో ఇలాంటివి అమర్చి వెళ్లిపోతారు. వాళ్ల ఆఫీసుల్లో పెద్ద తెరల మీద పచ్చ చుక్కలూ ఎర్ర చుక్కలూ ఉంటాయి, రాత్రీ పగలూ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. ఇంట్లో ఆ తెర ఉండదు. చూసే మనిషి కాఫీ కలుపుతూనో, గుడికి వెళ్లో ఉంటాడు. బావ ఏమీ మాట్లాడకుండా కాగితం మీద ‘గంట’ అని రాసుకున్నాడు. నాన్న మాత్రం అక్కడితో ఆగలేదు.

నాన్న: అసలు ఈ తొంభై రోజుల గొడవేంటి? పదేళ్లకొకటి ఇస్తే పోయేది. ఇంటి రిజిస్ట్రేషన్ తొంభై రోజులకోసారి చేయిస్తామా?

బావ: ఇల్లు మీ పేరు మీద ఉన్నా అద్దెకున్నవాళ్లు మారతారు కదా. డొమైన్ కూడా అంతే, ఇవాళ మీది, ఫీజు కట్టడం మరిస్తే రేపు వేరేవాళ్లది. పదేళ్ల సర్టిఫికెట్టయితే పాత యజమాని దగ్గర చెల్లే తాళంచెవి ఉండిపోతుంది. తాళంచెవి దొంగలపాలైతే సర్టిఫికెట్టు రద్దు చేయొచ్చు, కానీ ఆ రద్దు సంగతి అన్ని బ్రౌజర్లకీ అందుతుందన్న నమ్మకం ఎప్పుడూ లేదు. నమ్మకంగా పనిచేసేది గడువొక్కటే. అందుకే అందరికీ తగ్గిస్తూ వస్తున్నారు. 2018లో 825 రోజులు, 2020 సెప్టెంబరు నుంచి 398, 2026 మార్చి 15 నుంచి 200, ఆ మరుసటి ఏడు 100, 2029 మార్చి 15 నుంచి 47.

నాన్న: నలభై ఏడు! అది ఎవరికి అనుకూలం? వందమంది ఇంజినీర్లున్న కంపెనీకి. ఒకే ఒక్క పెట్టె, ఒకే ఒక్క ముసలాయన ఉన్న ఇంటికీ అదే లెక్కా?

బావ: లెక్క అదే. కానీ ఒకటి ఆలోచించండి. నేను ఉగాదికి చేసిన పొరపాటు మృగశిర కార్తెకి బయటపడింది. మీరడిగిన పదేళ్ల సర్టిఫికెట్టయితే పదేళ్లూ దాగి ఉండేది. అప్పటికి ఆ ఫైర్‌వాల్ రూలు ఎవరు రాశారో, ఎందుకు రాశారో మీకూ నాకూ గుర్తుండేది కాదు. మీరు గంట ఏదీ అన్నారు. ఇవాళ పొద్దున పెద్దమ్మ ఫోనులో మోగింది ఆ గంటే.

నాన్న: మోగింది, కాదనను. అగ్గి అంటుకున్నాక మోగింది. నాకు పొగ దగ్గరే మోగాలి.

ఈ మాటకి బావ దగ్గర జవాబు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. ఇద్దరూ కలిసి చేయాల్సిన పని అక్కడ తేలిపోయింది. ఎలా చేయాలన్న దగ్గర మళ్లీ తేడా వచ్చింది.

నాన్న: అయితే దేశాల గోడ తీసెయ్. 80 పోర్టు అందరికీ తెరిచిపెట్టు. రెన్యువల్ దానంతటదే అవుతుంది.

బావ: అవుతుంది. కానీ వచ్చేది వాళ్లొక్కళ్లే కాదు. మీకు తెలుసు కదా, 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్, రెండూ క్యూనాప్ నాస్‌ల మీద పడ్డాయి. అంతకుముందు 2014లో సినాలజీ పెట్టెల మీద సినోలాకర్. నెట్‌కి తెరిచి ఉన్న పెట్టెల్ని వెతికి పట్టుకుని ఫైళ్లకి తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగారు. డెడ్‌బోల్ట్ అడిగింది 0.03 బిట్‌కాయిన్. ఆ పెట్టెలవాళ్లలో ఎంతమందికి చక్కటి సర్టిఫికెట్టు ఉందో! సర్టిఫికెట్టు ‘ఇది ఫలానా వారి ఇల్లే’ అని చెప్తుంది. తలుపు గట్టిదా కాదా అన్నది దానికి తెలియదు.

నాన్న: మరి నీ ఉద్దేశం?

బావ: తలుపులన్నీ మూసేద్దాం. వైర్‌గార్డ్ పెడదాం. మన వాళ్ల ఫోన్లలో ఒక్కొక్క యాప్ వేస్తే ఇంట్లో ఉన్నట్టే నాస్ కనిపిస్తుంది. బయటి ప్రపంచానికి ఈ పెట్టె ఉన్నట్టే తెలియదు.

నాన్న: అక్కయ్య ఫోను మారిస్తే? ఆ యాప్ ఆఫ్ అయిపోతే? అర్ధరాత్రి అమ్మ గొంతు వినాలనిపించి తెరిస్తే ‘నీ టన్నెల్ తెగింది’ అని రావాలా? బావగారి తరఫు వాళ్లు పెళ్లి ఫొటోలు అడిగితే, ముందు మా యాప్ వేసుకోండి అని చెప్పనా? ఒరేయ్, మన ఇంటిపేరుతో ఒక చిరునామా ఉండాలనీ, మన సామాను ఏ కంపెనీ గోడౌన్‌లోనో కాకుండా మన ఇంట్లోనే ఉండాలనీ, వచ్చినవాళ్లు తలుపు తడితే తెరుచుకోవాలనీ ఈ పెట్టె కొన్నాను. తలుపే లేని ఇల్లు నాకెందుకు?

ఈ వాదంలో నాకు ఇద్దరూ సగం సగమే ఒప్పనిపించారు. పాటలు తలుపు తడితే తెరుచుకోవాలి, నిజమే. పొలం కాగితాలు ఎందుకు తెరుచుకోవాలి? ఆ మాటే అడిగాను. అక్కణ్ణుంచి వాదం కాస్త కదిలి ఒక ఏర్పాటు దగ్గరికి వచ్చింది.

నాస్‌ని నడిపించే అడ్మిన్ పేజీ, పొలం కాగితాలు ఇంటి నెట్‌లో తప్ప కనిపించకూడదు. బయట కావాలంటే వైర్‌గార్డే. పాటలు, ఫొటోల పేజీ ఒక్కటి 443 మీద, రెండంచెల లాగిన్‌తో. దేశాల గోడ అలాగే ఉంటుంది. 80 పోర్టు రౌటర్‌లోనే మూసేయాలి. మరి రెన్యువల్? దానికి బావ చెప్పిన దారి డీఎన్‌ఎస్. పెట్టె దగ్గరికి ఎవరూ రానక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చిన గుర్తుని మన డొమైన్ రికార్డుల్లో ఒక టెక్స్ట్ రికార్డుగా రాస్తే, వాళ్లు అది చదివి సర్టిఫికెట్టు ఇచ్చేస్తారు. నాస్ తలుపు తెరవాల్సిన పనే లేదు.

నాన్న: ఆ రికార్డు ఎవరు రాస్తారు? రెండు నెలలకోసారి నేనా?

బావ: మీరు కాదు, ఆక్మీ డాట్ ఎస్‌హెచ్ అని ఒక స్క్రిప్టు ఉంది. అది రాసి, పనయ్యాక చెరిపేస్తుంది. దానికి మన డొమైన్ ఖాతా టోకెన్ ఇవ్వాలి.

నాన్న: అంటే పెట్టెలో దొంగ పడితే డొమైన్ కూడా పోతుందన్నమాట. ఇంటి తాళంతో పాటు పట్టా కాగితం కూడా గుమ్మానికి తగిలించినట్టు.

బావ: అందుకే పూర్తి టోకెన్ ఇవ్వం. ఆ ఒక్క రికార్డుని వేరే చిన్న డొమైన్‌కి సీనేమ్‌తో మళ్లిస్తాం. టోకెన్ ఆ చిన్నదాని మీదే పనిచేస్తుంది. అది పోయినా వాడు సర్టిఫికెట్టు తీసుకోగలడేమో కానీ, మన మెయిల్నీ మన పేరునీ మళ్లించలేడు.

నాన్నకి ఈ ఏర్పాటు నచ్చింది. డీఎన్‌ఎస్ దారిలో ఇంకో లాభం ఉంది. డొమైన్ కింద ఉండే పేర్లన్నిటికీ చెల్లే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్టు ఈ పద్ధతిలోనే ఇస్తారు. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టూ బహిరంగ లాగ్‌లో నమోదవుతుంది, ఎవరైనా చదువుకోవచ్చు. 2011లో డచ్ సంస్థ డిజినోటార్‌లోకి దొంగలు పడి గూగుల్ పేరుతో సర్టిఫికెట్టు పుట్టించారు. 2014 జులైలో మన ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ నుంచి కూడా గూగుల్ డొమైన్లకి అనుమతి లేని సర్టిఫికెట్లు వెలువడ్డాయి. అలాంటివి దాగకూడదని పెట్టిన కట్టడి అది. ఇంటికి మాత్రం దానివల్ల ఒక చిక్కు: ‘నాస్’ అనో ‘ఫొటోలు’ అనో పేరు పెడితే ఆ పేరు లోకం మొత్తానికి తెలిసిపోతుంది. వైల్డ్‌కార్డ్‌లో నక్షత్రం గుర్తే కనిపిస్తుంది.

పని మొదలుపెట్టారు. స్క్రిప్టు అడక్కుండానే వేరే సంస్థ దగ్గరికి వెళ్లబోయింది. 2021 ఆగస్టు నుంచి అది మొదట అడిగేది జీరోఎస్‌ఎస్‌ఎల్‌ని. లెట్స్ ఎన్‌క్రిప్ట్ కావాలంటే మనమే చెప్పాలి. చెప్పాక రెండు నిమిషాల్లో కొత్త సర్టిఫికెట్టు వచ్చింది. బావ లేచి ఒళ్లు విరుచుకున్నాడు.

నాన్న: కూర్చో. బయట్నుంచి చూడు.

బావ: వచ్చేసింది మామయ్యా, ఫైలులో తారీఖు చూశాను.

నాన్న: ఫైలు నీకు కనిపిస్తుంది, అక్కయ్యకి కాదు. లైను బాగుచేశాక సబ్‌స్క్రయిబర్ ఇంటినుంచి రింగ్ చేసి చూడందే కంప్లయింటు మూసేవాళ్లం కాదు.

మొబైల్ డేటా మీద తెరిచి చూస్తే అదే ఎరుపు, అదే పాత తారీఖు. సర్టిఫికెట్టు పెట్టెలోకి వచ్చింది కానీ, వెబ్ సర్వీసు ఇంకా పాతదే పట్టుకుని కూర్చుంది. నాస్ సెట్టింగుల్లో ఆ సర్వీసుకి కొత్తదాన్ని కేటాయించి, ఇకముందు రెన్యూ అయిన ప్రతిసారీ సర్వీసు మళ్లీ చదువుకునేలా స్క్రిప్టుకి ఒక వరస చేర్చాక ఎరుపు పోయింది. నాన్న ఆ మాట అనకపోతే సాయంత్రం పెద్దత్తకి మళ్లీ అదే పేజీ కనిపించేది.

443 సంగతి మాత్రం తెగలేదు. మూసెయ్యాల్సిందేనని బావ ఇప్పటికీ అంటాడు. ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు: నెలకోసారి పెట్టెలోదంతా యూఎస్‌బీ డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టాలి. నాన్న సరేనన్నాడు.

ఇక గంట. హైదరాబాద్‌లో బావ దగ్గరున్న ఒక చిన్న కంప్యూటర్ రోజుకోసారి మా చిరునామాకొచ్చి, పేజీ ఇస్తున్న సర్టిఫికెట్టులో ఇంకా ఎన్ని రోజులున్నాయో చదువుతుంది. ముప్ఫై రోజులు ఉండగానే రెన్యువల్ అయిపోవాలి. కాకుండా ఇరవై ఒకటి కంటే తగ్గితే ఇద్దరి ఫోన్లకీ మెసేజ్ పంపుతుంది. బావ అది రాసి ముగించబోతుంటే నాన్న ఆపాడు.

నాన్న: ఆ ఇరవై ఒకటి తీసేసి వంద పెట్టు.

బావ: ఉన్నదే తొంభై రోజులు మామయ్యా. వంద పెడితే ఇప్పుడే మోగుతుంది.

నాన్న: మోగనీ. మోగుతుందో లేదో చూడకుండా గంట కట్టామని ఎలా అనుకుంటాం?

వంద పెట్టి నడిపించాడు. ముందు బావ ఫోను మోగింది. నాన్నది మోగలేదు. నంబరులో ఒక అంకె తప్పు పడింది. సరిచేసి మళ్లీ నడిపించారు. ఈసారి వంటింటి గట్టు మీద పెట్టిన నాన్న ఫోను కూడా మోగింది. అప్పుడు ఇరవై ఒకటి పెట్టించి, పెద్దత్తకి ఫోను చేయడానికి లేచాడు.